డ్రమ్ముల వెనక రెండు కాళ్ళు

మా ఎదురింటి ముందుగదిలో మిషన్ కుట్టే ఆవిడను వీధిలో అందరూ మాసికల పిల్ల అంటారు. పిల్ల అంటే నిజంగా పిల్లేమీ కాదు, నలభై ఆరేళ్ళు. పాతికేళ్ళప్పుడు మొగుడు వదిలేసి పోతే అన్నగారింటికి వచ్చింది. అప్పుడు అంటుకున్న పేరు ఇప్పటికీ వదల్లేదు. కొత్త బట్టలూ కుడుతుంది గానీ ఆమె చెయ్యి తిరిగింది మాసికలోనే. మోచేతి దగ్గర పిగిలిన చొక్కా ఇచ్చి తెచ్చుకున్నాక, ఏ మోచెయ్యి పిగిలిందో మనకే గుర్తుండదు.

అన్నగారు నీళ్ళ ఆఫీసులో హెడ్ గుమాస్తా. ఇంట్లో ఆయన గొంతు తప్ప ఇంకో గొంతు వినబడదు. కుళాయి విప్పితే నీళ్ళ కంటే ముందు ఆయన మాటే వస్తుందేమో అనిపిస్తుంది. ఈ పిల్ల మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. "సరే అన్నయ్యా", "అలాగే వదినా", ఇరవై ఒక్కేళ్ళుగా ఆమె నోట నేను విన్నవి ఈ రెండు మాటలే. మా కిటికీకి, వాళ్ళ ముందుగదికి మధ్య ఉన్నది ఒక్క వీధి. నాకు వినబడకుండా మూడో మాట అని ఉండదు.

పొద్దస్తమానం చెవుల్లో వైర్లు పెట్టుకుని కుడుతుంది. దేవుడి పాటలు కాబోలు, పాపం, మనసు బాగోలేని మనిషి కదా అనుకునేదాన్ని. అనుకుని ఊరుకుంటే నిద్ర పట్టాలి కదా. ఒకరోజు రవికకి హుక్కు కుట్టించుకోవాలనే వంకతో వెళ్ళి, ఆమె కిందపడ్డ దారపు రీలు కోసం వంగగానే ఒక వైరు లాగి నా చెవిలో పెట్టుకున్నాను.

రేకుల లోడు దిగుడు రోడ్డులో బోల్తా పడి, దాని కింద నలుగురు మనుషులు చిక్కుకుని అరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఏమిటే ఇది! ఎవరిని చంపుతున్నారు?"

"ఎవరినీ చంపట్లేదు పెద్దమ్మా. పాట. హెవీ మెటల్ అంటారు."

వీధిలో అందరికీ నేను పెద్దమ్మనే.

"ఇది పాటా?"

"అరిచేవాణ్ణి వదిలెయ్యి. వాడి కింద దడదడమని వస్తోంది చూడు, అది విను."

చెవి నొక్కి పట్టుకుని విన్నాను. ఎక్కడో విన్న చప్పుడే. పెళ్ళిళ్ళ రోజుల్లో పని తెమలక ఈ పిల్ల తన మిషన్ ఆపకుండా తొక్కుతుంటే మా ఇంట్లోకి వినబడుతుందే, అచ్చం అదే.

"అది డ్రమ్ము, కాళ్ళతో కొడతాడట పెద్దమ్మా," అంది. కళ్ళు మెరుస్తున్నాయి. "రెండు కాళ్ళకి రెండు పెడళ్ళు. నాకు రెండు కాళ్ళకీ ఒకే పెడలు, అయినా సాయంత్రానికి పిక్కలు పట్టేస్తాయి. వాడు అంత వేగంగా గంటసేపు ఎలా తొక్కుతాడో, మడమ ఎత్తుతాడో, వేళ్ళతోనే లాగిస్తాడో... ఒక్కసారి ఆ కాళ్ళు చూడాలి."

అంత పొడుగు మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి. ఇక నేను వదులుతానా! ఈ పాటలు నీకెలా అంటుకున్నాయని గుచ్చి గుచ్చి అడిగాను.

వీధి చివర పళ్ళ డాక్టరమ్మ ఉంది. ముభావంగా ఉండే మనిషి, తెల్లకోటు, చెయ్యి తేలిక. ఆరేళ్ళ క్రితం ఆవిడ ఒక చేతుల్లేని నల్ల జీన్స్ కోటు తెచ్చి, వీపు మీద పుర్రె బొమ్మ ఉన్న గుడ్డముక్క కుట్టమని ఇచ్చిందట. కోటు నిండా చిరుగులు, వేలాడే పోగులు. మన పిల్లకి చిరుగు కనబడితే చెయ్యి ఊరుకోదు. పుర్రెను కుట్టి, అడగకుండానే కోటు మీద ఉన్న చిరుగులన్నీ పూడ్చి, పోగులు కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. డాక్టరమ్మ కోటు విప్పి చూసుకుని నోరు తెరిచేసిందట.

"నా చిరుగులేవి?"

"పూడ్చేశానండీ."

"పూడ్చేశావా! పదకొండేళ్ళు పట్టింది తల్లీ ఆ చిరుగులకి!"

ఒక్కో చిరుగు ఒక్కో కచేరీలో పడిందట. ఇది ముళ్ళకంచె దగ్గర, ఇది తోపులాటలో, ఇది ఎవడి బెల్టుకో తగులుకుని. డాక్టరమ్మకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. చివరికి స్టూలు మీద చతికిలబడి, లేని చిరుగుల మీద వేలు పెట్టి చూపిస్తూ కథలన్నీ చెప్పి, ఫోన్లో ఆ పాటలు వినిపించింది. లేచి వెళ్తూ కోటు మిషన్ మీదే వదిలేసింది. "ఇంత శుభ్రమైన కోటు నేను వేసుకుంటే మావాళ్ళు నవ్విపోతారు. ఇక ఇది నీదే. నీ చిరుగులు నువ్వే తెచ్చుకో."

ఆరేళ్ళుగా ఆ కోటు గుడ్డముక్కల సంచి అడుగున ఉంది, ఒక్క చిరుగూ లేకుండా.

మొన్న ఆ దడదడల బృందమే మన ఊరి మైదానానికి వస్తోందని తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. టిక్కెట్లు డాక్టరమ్మ తెచ్చింది. ఆదివారం పొద్దున కచేరీ మాట అన్నగారి చెవిన పడింది. నేను కిటికీ అద్దం తుడుస్తున్నాను. రెండోసారి.

"బుద్ధుందా నీకు? ఈ వయసులో ఆ పిచ్చివాళ్ళ గుంపులోకా? రేపు నా రిటైర్మెంటు సభ. ఆఫీసంతా వస్తుంది. నా చెల్లెలు పుర్రెల కోటు వేసుకుని గంతులేస్తోందని ఒక్కడు చూసినా నా తలెక్కడ పెట్టుకోను?"

ఆమె మిషన్ ఆపలేదు. కుడుతున్నది ఆయన సభకి వేసుకునే చొక్కానే.

"విను. ఈ గది నాది. ఇవాళ నువ్వు గడప దాటావంటే, తిరిగొచ్చేసరికి నీ మిషన్ వీధిలో ఉంటుంది."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆ మిషన్ ఉన్న గదే ఆమె బతుకు. అది పోతే ఆమెకి ఇంకో నీడ లేదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"సరే అన్నయ్యా," అంది. నా ప్రాణం ఉసూరుమంది. దారం కొరికి తెంపి మళ్ళీ అంది, "కచేరీ మూడింటికి. నేను రెండింటికి బయల్దేరతాను."

ఆయన ముఖం ఎర్రబడిపోయింది. "ఒక్కదానివే?"

"డాక్టరమ్మ ఉంది. పెద్దమ్మ కూడా వస్తోంది."

ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నాకు అరవై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ నా మాట వినవు. కిటికీలోంచి తల బయటపెట్టి, "అవునయ్యా, వస్తున్నాను," అన్నాను. వెళ్ళకపోతే అక్కడ ఏం జరిగిందో నాకు ఎవరు చెబుతారు?

మైదానం గేటు దగ్గరే మమ్మల్ని ఆపేశారు. తనిఖీ చేసే అమ్మాయికి మన పిల్ల సంచిలో కత్తెర దొరికింది. రవిక మెడ అంచున రెండు సూదులు, చేతి మడతలో మూడోది.

"ఇన్ని సూదులెందుకమ్మా?"

"అవి ఎప్పుడూ అక్కడే ఉంటాయండి."

అన్నీ లాక్కుని నా గొడుగు కూడా లాక్కున్నారు. లోపల ఎటు చూసినా నల్లచొక్కాలు, గడ్డాలు, పుర్రెలు. నడుం దాకా జుట్టున్న ఒకాయన నన్ను చూసి గబగబా వచ్చాడు. కొట్టడానికేమో అనుకున్నాను. "పెద్దమ్మా, ఇవి చెవుల్లో పెట్టుకోండి, లేకపోతే నొప్పెడతాయి," అని రెండు మెత్తటి బిరడాలు ఇచ్చి, ఎక్కణ్ణుంచో కుర్చీ కూడా తెచ్చి వేశాడు. ఆ జుట్టుకి ఏ నూనె రాస్తావయ్యా అని అడిగాను. ఆయన చెప్పేలోపే మొదలైంది.

చెవులతో వినే సంగతి కాదది. కుర్చీ కాళ్ళలోంచి పాకి నా మోకాళ్ళ చిప్పల్లోకి ఎక్కింది. డాక్టరమ్మ తెల్లకోటు మనిషేనా అన్నట్టు జుట్టు విరబోసుకుని గుంపులోకి దూకి మాయమైపోయింది. మన పిల్ల మాత్రం కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, చేతులు కట్టుకుని, మునివేళ్ళ మీద నిలబడి చూస్తోంది. పాట తర్వాత పాట అయిపోతోంది, ఆమె ముఖం వాడిపోతోంది. చివరికి వంగి నా బిరడా పీకి అరిచింది.

"కాళ్ళు కనబడట్లేదు పెద్దమ్మా!"

నిజమే. వేదిక మీద డ్రమ్ములన్నీ గంగాళాలు బోర్లించినట్టు అడ్డంగా పేర్చి ఉన్నాయి, వాటిపైన ఒక తలకాయ ఊగుతోంది. పెద్ద తెర మీద చూపిస్తున్నదల్లా పాడేవాడి పళ్ళు. అవి డాక్టరమ్మకి పనికొస్తాయి గానీ మన పిల్లకి ఎందుకు? గది పణంగా పెట్టి వచ్చింది. కాళ్ళు చూడకుండా తిరిగి వెళ్తే ఆ ఇంటి ముందు ఏ ముఖంతో నిలబడుతుంది?

నా చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుపోయింది. జనాన్ని తోసుకుంటూ వేదిక పక్కకి వెళ్ళాం. అక్కడ ఇనుప కంచె, కంచెకి ఒక సందు, సందుకి అడ్డంగా బీరువా లాంటి కాపలా మనిషి. వెనక్కి వెళ్ళమని చేత్తో చూపించాడు. ఆమె కదల్లేదు. ఏదో చెప్పింది, ఆయనకి వినబడలేదు. ఆయనేదో అన్నాడు, మాకు వినబడలేదు. అప్పుడు ఆమె తనను చూపించుకుంది, చేతులు ముందుకు చాచి లేని బట్టను లేని సూది కిందికి తోసింది. నేల మీద రెండు కాళ్ళతో టకటకా తొక్కింది. తర్వాత వేదిక మీద డ్రమ్ముల వైపు చూపించి మళ్ళీ తొక్కింది.

ఆయన తెల్లబోయి చూశాడు. నన్ను చూశాడు. నేనూ తొక్కి చూపించాను, నా మోకాళ్ళు ఒప్పుకున్నంత మేర. ఆయనకి నవ్వొచ్చింది. ఒక వేలు చూపించాడు, ఒక్క పాట అని. పక్కకి జరిగాడు.

సందు సన్నం. ఆమె పక్కకి తిరిగి దూరుతుంటే కంచె తీగ భుజానికి తగులుకుని కోటు పర్రున చిరిగింది. ఆమె తిరిగి కూడా చూడలేదు.

నేనూ ఆమె వెనకే దూరాను. అక్కణ్ణుంచి కనబడ్డాయి ఆ కాళ్ళు. బూట్లు లేవు, ఉత్త మేజోళ్ళు. మడమలు గాల్లోనే ఉన్నాయి, నేలకి ఆనడమే లేదు. వేళ్ళు మాత్రం పెడళ్ళ మీద ఆనించి, పిక్కలతో కొడుతున్నాడు. ఎడమ మేజోడుకి మడమ దగ్గర రూపాయి బిళ్ళంత చిరుగు. ఆమె పెదాలు ఏదో అంటున్నాయి, లెక్కపెడుతోంది. ఆమె కాళ్ళు నేల మీద అలాగే కదులుతున్నాయి, అదే వేగంతో కాదు గానీ అదే వరసలో. పాట చివర డ్రమ్ములవాడు రెండు కాళ్ళూ కలిపి ఒక్కసారిగా విరుచుకుపడ్డాడు. అప్పుడు ఆమె నోరు తెరిచి అరిచింది.

మాటలేమీ లేవు ఆ అరుపులో. ఊపిరి ఉన్నంతసేపు అరిచింది. కాపలా మనిషి ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇరవై ఒక్కేళ్ళు ఆ గొంతు ఎక్కడ దాచిందో!

పొద్దు వాలేసరికి ముగ్గురం ఇంటికి చేరాం. అన్నగారు మాట నిలబెట్టుకున్నారు. మిషన్, స్టూలు, దారాల డబ్బా, గుడ్డల సంచి మెట్ల కింద వీధిలో ఉన్నాయి. ఆయన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. వెనక వదినగారు. ఇరుగుపొరుగు గుమ్మాలన్నీ నిండిపోయాయి.

ఒక సంగతి చెప్పాలి. మా ముగ్గురి చెవులూ హోరెత్తి ఉన్నాయి. ఎవరి మాట వాళ్ళకే సరిగా వినబడక, మాకు తెలియకుండానే గొంతులు పెద్దవైపోయాయి. అందుకని ఆ సాయంత్రం ఆమె అన్న ప్రతి మాటా ఆ చివర పాలబూతు దాకా వినబడింది.

"ఇంకెప్పుడూ వెళ్ళనని ఒక్క మాట చెప్పు. మిషన్ లోపల పెట్టిస్తాను," అన్నారు ఆయన.

"వచ్చే ఏడాది మళ్ళీ వస్తారట అన్నయ్యా! వెళ్తాను!"

"అరవకు! వీధిలో అందరూ వింటున్నారు!"

"విననీ!"

వదినగారు మెల్లగా ముందుకొచ్చింది. "ఏమే, రేపటి చొక్కా?"

"ఒక చెయ్యి కుట్టాను వదినా! రెండోది మిషన్ ఎక్కడుంటే అక్కడ కుడతాను, పంపించు!"

మిషన్ ఎక్కడుంటుందో ఆమెకి తెలియదు. నాకు తెలుసు. మా ముందుగదిలో పాత మంచం, పడేయలేని పేపర్లు, ఎవరూ కూర్చోని రెండు కుర్చీలు ఉన్నాయి. "ఇటు తెండి!" అని నేనూ అరిచాను. డాక్టరమ్మ ఒక వైపు, ఆమె ఒక వైపు పట్టుకున్నారు. ఆ ఇనుప స్టాండు వీధి దాటుతుంటే గుమ్మాల్లో తలలన్నీ దానితోపాటే తిరిగాయి. నేను ముందు నడిచి, "మెట్టు, మెట్టు చూసుకోండి," అంటూ దారి చూపించాను.

మర్నాడు పొద్దున ఏడింటికి మా తలుపు చప్పుడైంది. అన్నగారు. చేతిలో ఒంటి చెయ్యి చొక్కా. సభ పదకొండింటికి.

"కూర్చో అన్నయ్యా," అంది ఆమె. గొంతు బొంగురుపోయింది. "ముందు పెద్దమ్మ దిండు గలీబు ఉంది."

దిండు గలీబుకి అంత తొందర ఉందని నాకూ తెలియదు. అయినా, "అవును, నాది ముందు," అన్నాను. ఆయన స్టూలు మీద కూర్చున్నారు. ఎదురుగా గోడకి మేకు, మేకుకి కోటు, కోటు భుజం మీద జానెడు చిరుగు. ఆయన చూపు దాని మీద పడింది.

"ఊరందరివీ బాగుచేస్తావు. అది కుట్టుకోవేం?"

"అది కుట్టను."

గలీబు మడిచి నా చేతిలో పెట్టి చొక్కా అందుకుంది.

"ఎంతసేపు పడుతుంది?"

"ఒక పాటంత సేపు."

"పాటంటే?"

"తొమ్మిది నిమిషాలు," అంది. చెవుల్లోని వైర్లు తీసి, ఫోన్లోంచి కూడా వైరు పీకేసి, చప్పుడు చివరి దాకా పెంచి కిటికీ గట్టు మీద పెట్టింది. మా గాజు గ్లాసులు గణగణలాడాయి. ఆమె చెప్పులు విడిచి, మడమలు గాల్లోకి ఎత్తి, వేళ్ళతో పెడలు అందుకుంది.

అన్నగారు తొమ్మిది నిమిషాలూ కూర్చున్నారు.