వంటావార్పులో నా ఆనపకాయ

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో నిద్ర లేవగానే ఎవరైనా ముందు అడిగే మాట "ఇవాళ బంద్ ఉందా, లేదా?" అనే. కాఫీ సంగతి ఆ తరవాతే. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. ఒక రోజు రాస్తారోకో, ఒక రోజు ర్యాలీ, మూడో రోజు ఏమీ లేకపోతే జనానికి ఏదో వెలితిగా ఉండేది. నేను అక్కడొక కోచింగ్ సెంటర్లో బాటనీ చెప్పే కుర్ర లెక్చరర్ని. అమలాపురం దగ్గర పల్లెటూరు మాది. బంద్ అంటే మా సెంటర్ షట్టరు దిగిపోయేది, నేను గదికి చేరిపోయేవాణ్ని. మనిషికి పని లేకపోవడం ప్రమాదం. పని లేనివాడికి కాస్త చదువు కూడా ఉండటం ఇంకా పెద్ద ప్రమాదం. ఆ రెండో ప్రమాదం వల్లే నేను మేడ మీద తోట పెట్టాను.

మేడ నాది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీనగర్‌కీ మధ్య ఒక కాలనీలో, రెండంతస్తుల ఇంటి పైన రేకులు వేసిన ఒంటి గదిలో అద్దెకుండేవాణ్ని. (దాన్ని 'పెంట్‌హౌస్' అనేవాళ్ళు. ఎండాకాలంలో ఆ గదిలో కూర్చుని ఆ మాట అనగలిగితే వాడు యోగి.) ఇల్లుగలావిడ నల్గొండ పల్లె నుంచి వచ్చి పాతికేళ్ళయిన మనిషి. నేను 'పెద్దమ్మగారూ' అని పిలిస్తే, "పెద్దమ్మ అంటే సాలదా సారూ, ఎన్క గారు ఎందుకు?" అని నవ్వేది. ఆవిడ నన్ను 'సారూ' అంటూనే 'నువ్వు' అనేది. మొదట్లో కొంచెం గుచ్చుకున్నా, ఆ రెండూ కలిపి వింటే మర్యాదా ఆప్యాయతా ఒకే గరిటెతో వడ్డించినట్టు ఉండేది. ఆవిడ భర్త బస్సు డ్రైవరు. వీధిలో అందరికీ డ్రైవర్ సాబ్. బంద్‌లకి బస్సులు ఆగినప్పుడల్లా, తరవాత సకల జనుల సమ్మెలో రోజూ, ఆయనా ఇంట్లోనే ఉండేవాడు. పొద్దున్నే కుర్చీ తెచ్చుకుని మేడ మీద పేపరు చదివేవాడు. చదివేది తక్కువ, నా తోటను చూసేది ఎక్కువ.

తోటంటే పాత రంగు డబ్బాలు ఏడు. "మొక్కల శాస్త్రమే నా సబ్జెక్టు పెద్దమ్మగారూ, చూడండి, రెండు నెలల్లో మీరు కూరగాయలు కొననక్కర్లేదు" అని ముందే ప్రకటించేశాను. టమాటా నారు పెట్టాను. డబ్బాలకి అడుగున చిల్లులు పెట్టాలని పాఠ్యపుస్తకంలో ఎక్కడా లేదు కాబట్టి పెట్టలేదు. రెండు వానలకి నారు మునిగి పోయింది. ధనియాలు చల్లాను. ఇరవై రోజులు నీళ్ళు పోశాను, ఒక్కటీ మొలవలేదు. ధనియాన్ని నలిపి రెండు బద్దలు చేసి చల్లాలట. ఆ సంగతి డ్రైవర్ సాబ్‌కి మొదటి రోజే తెలుసు. "మరి చెప్పలేదేంటండీ?" అంటే, "నువ్వు సారువి, ఏదో కొత్త తరీక అనుకున్న" అన్నాడు పేపరు మడిచి. మిరప మొక్కలు మాత్రం బతికాయి. బతికి, ఆకులు ముడుచుకుని కూర్చున్నాయి, మా స్టూడెంట్లు నా క్లాసులో కూర్చున్నట్టు.

చివరికి నా పరువు కాపాడే బాధ్యత ఒక పాదు మీద పడింది. ఆనప గింజలు పెడతానని నేను అంటే పెద్దమ్మ సంబరంగా, "అనపకాయలా? మా ఊర్ల మస్తు కాస్తయ్, గుడాలు చేస్తే ఏముంటయ్ సారూ!" అంది. తీరా చూస్తే ఆవిడ అనపకాయ చిక్కుడు జాతిది, గింజలు ఉడకబెట్టి గుడాలు చేసుకునేది. నా ఆనపకాయ ఆవిడకి సోరకాయ. ఒక దీర్ఘం తేడాతో మేమిద్దరం పది నిమిషాలు వేరు వేరు కూరలు వండుకున్నాం. విషయం తేలాక ఆవిడే ఊరి నుంచి తెచ్చిన సోర గింజలు నాలుగు నా చేతిలో పెట్టింది. (డబ్బాకి చిల్లులు కూడా ఆవిడే పెట్టింది, నేను చూడనప్పుడు.)

పాదు అల్లుకుంది. అలా ఇలా కాదు. బట్టలు ఆరేసే తీగలన్నీ ఆక్రమించి, నీళ్ళ ట్యాంకు ఎక్కి, నా గది రేకుల మీదికి పాకింది. తెల్లటి పూలు రోజూ డజన్లు పూసేవి. కాయ మాత్రం లేదు. నేను ఎరువు వేశాను, ఆకులు ఇంకా పెద్దవయ్యాయి. ఇంకొంచెం వేశాను, విస్తళ్ళంత అయ్యాయి. "ఆకులు మంచిగున్నయ్ సారూ, గొర్లుంటే మేపుకుందుము" అన్నాడు డ్రైవర్ సాబ్. ఒక సాయంత్రం పెద్దమ్మ బట్టలు తీసుకుందామని పైకొచ్చి, పాదు కింద నిలబడి ఒక్కో పువ్వూ చూసింది.

"సారూ, ఇన్ని రోజుల సంది నీళ్ళు పోస్తున్నవ్ గదా, పూలు ఎప్పుడన్న సూసినవా? గివన్నీ మగపూలే."

పరాగ సంపర్కం మీద నేను మూడు గంటలు ఆపకుండా చెప్పగలను. రంగు చాక్‌పీసులతో బొమ్మ కూడా వేస్తాను. మగపువ్వు, ఆడపువ్వు, కీలాగ్రం, పుప్పొడి, అన్నీ వేసి, బాణం గుర్తులు పెట్టి మరీ చెప్తాను. నా నెత్తి మీద వేలాడుతున్న పువ్వు వైపు ఒక్కసారి తలెత్తి చూడాలని తోచలేదు. ఆవిడ వెతికి వెతికి ఒక ఆడపువ్వు పట్టుకుంది. దాని కింద చిటికెన వేలంత పిందె ఉంది. ఒక మగపువ్వు తుంచి, రేకులు పీకేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లిగా అద్దింది. "తేనెటీగ రెండంతస్తులెక్కి ఎట్లొస్తది సారూ? పొద్దుగూకే యాళ్ళకు మనమే పెండ్లి చెయ్యాలె" అంది. నేను తల ఊపాను.

ఆ పెళ్ళి ఫలించింది. పిందె నిలిచింది. ఇక నా సంగతి చెప్పకూడదు. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే దాని దగ్గరికి పోయేవాణ్ని. జేనతో కొలిచేవాణ్ని. దిష్టి తగలకుండా నల్లదారం కట్టాను. (బాటనీ లెక్చరర్ దిష్టి నమ్మడేమో అని మీకు అనుమానం రావచ్చు. ఒకే ఒక్క కాయ ఉన్నవాడు అన్నీ నమ్ముతాడు.) బరువుకి తీగ తెగిపోతుందని ఉల్లిపాయల వల సంచీలో కూర్చోబెట్టి పైనించి వేలాడదీశాను. అమలాపురం ఫోన్ చేసి నాన్నకి కాయ సంగతి చెప్పాను. ఆయన సమ్మె సంగతి అడిగాడు. "బయట ఎక్కువ మాట్లాడకురా, యాస పట్టేస్తారు. నోరు మూసుకుని గదిలో ఉండు" అన్నాడు. నేను నోరు మూసుకునే ఉన్నాను. కాయతో తప్ప ఎవరితోనూ మాట్లాడటం లేదు.

సమ్మె సాగేకొద్దీ కరెంటు కోతలు పెరిగాయి. మోటారు నడవదు, పై ట్యాంకులోకి నీళ్ళు ఎక్కవు. ఎండ మాత్రం వాన కాలమన్న మాట మర్చిపోయి కాస్తోంది. కింద నుంచి బకెట్లు మోయాలి. నేను రెండు రోజులు మోశాను, మూడో రోజు నడుం పట్టింది, నాలుగైదు రోజులు మానేశాను. ఆకులు వాడిపోయి వేలాడాయి. కాయ మాత్రం మూరెడు పొడవు తేలి నిగనిగలాడుతోంది. రేపు కోద్దాం, ఎల్లుండి కోద్దాం అని నేను దాన్ని చూసుకుంటూ ఉండగా ఒక ఉదయం పెద్దమ్మ కత్తిపీటతో సహా పైకొచ్చింది.

"సారూ, ఇయాల ఎల్బీనగర్ చౌరస్తాల వంటావార్పు. మా గల్లీ నుంచి సాంబారు మాది. బంద్‌ల కూరగాయలు దొరుకుతలేవు. అందరు ఇంట్ల ఉన్నయ్ తెస్తున్రు. నీ కాయ ఇస్తవా?"

వంటావార్పు అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే బారులుగా కూర్చుని తిని నిరసన తెలపడం. నేను కాయ వైపు చూశాను. ఆవిడ వైపు చూశాను. డ్రైవర్ సాబ్ పేపరు దించి నా వైపు చూశాడు. ఉద్యమం మీద నా అభిప్రాయమేమిటని అంతవరకూ వాళ్ళు ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు. ఇప్పుడు కూడా ఆవిడ అడిగింది అభిప్రాయం కాదు, కాయ. కాయే కష్టంగా అనిపించింది.

"తీసుకోండి పెద్దమ్మగారూ" అన్నాను.

"నువ్వు గూడ రా. ఇంట్ల ఒక్కనివి ఏం తింటవ్?" అని ఆవిడ కాయ కోసుకుని దిగిపోయింది. నేను తరవాత వస్తానని చెప్పి బోసిపోయిన వల సంచీ కింద కాసేపు కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. మొట్టమొదటిసారి నా చదువు నాకు సరైన వేళకి గుర్తొచ్చింది. నీళ్ళు చాలక ఎండకి అల్లాడిన పాదుకి కాసిన కాయ ఒక్కోసారి చేదెక్కుతుంది. ఆ చేదు ఉత్త చేదు కాదు, వాంతులు పట్టి ఆస్పత్రి పాలవుతారు. నేను నాలుగైదు రోజులు నీళ్ళు పొయ్యలేదు. కాయ వెళ్ళింది వందల మంది తినే గుండిగలోకి. ఇచ్చింది ఎవరు? అమలాపురం కుర్రాడు.

ఆటోల్లేవు, బస్సుల్లేవు. పరుగెత్తాను. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని పరుగెత్తాను. చౌరస్తా చేరేసరికి హైవే అంతా పొయ్యిలు, పొగ, పాటలు, డప్పులు. ఒక గుండిగ దగ్గర పెద్దమ్మ పళ్ళెంలో తెల్లటి ముక్కలు పట్టుకుని వంగుతోంది. నాన్న చెప్పిన జాగ్రత్తలన్నీ ఎగిరిపోయాయి.

"ఆగండి! వెయ్యకండి! ఆ ఆనపకాయ వెయ్యకండండీ బాబూ!"

కోనసీమ మొత్తం నా గొంతులోంచి ఒక్కసారిగా బయటికి వచ్చింది. ఆ పొయ్యి చుట్టూ ఉన్న పాట ఆగింది. డప్పు ఆగింది. గరిటె పట్టుకున్న ఒకాయన నన్ను కింద నుంచి పై దాకా చూసి, "ఎవరన్నా నువ్వు? ఎందుకు ఎయ్యొద్దు?" అన్నాడు. వెనక నుంచి ఎవరో, "ఇచ్చిన కాయ మళ్ళ అడుగుతున్నడా ఏంది?" అన్నారు. నేను రొప్పుతూ చేదు గురించి, ఎండ గురించి, నీళ్ళు పొయ్యకపోవడం గురించి, మధ్యలో అలవాటు కొద్దీ కాయ శాస్త్రీయ నామం గురించి కూడా చెప్పాను. శాస్త్రీయ నామం దగ్గర వాళ్ళ అనుమానం ఇంకా పెరిగింది. ఇక లాభం లేదని పళ్ళెంలోంచి పచ్చిముక్క ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాను. నమిలాను. చేదు లేదు. ఇంకో ముక్క తిన్నాను. లేదు. మూడోది తిన్నాను. చుట్టూ యాభై మంది ఊపిరి బిగబట్టి, ఒక మనిషి పచ్చి ఆనపకాయ తినడం చూస్తున్నారు.

"అయ్యిందా సారూ?" అంది పెద్దమ్మ నెమ్మదిగా. "కోసిన ఎంటనే నాలిక మీద పెట్టి సూసిన. సోరకాయ కోస్తే ముందుగాల రుచి సూడాలె, మా అమ్మ నేర్పింది. ఇంటికాడనే అడిగితే చెప్పకపోదునా? గింత దూరం ఉరికొచ్చినవ్!"

నవ్వులు మొదలయ్యాయి. ముందు గరిటె ఆయన, తరవాత చుట్టూ ఉన్నవాళ్ళు, చివరికి డప్పు కొట్టే ఆయన కూడా. "పాపం, మనకేమన్న అయితదని భయపడ్డడే" అని ఎవరో అన్నారు. ఇంకెవరో మంచినీళ్ళు ఇచ్చారు. గరిటె ఆయన నన్ను ఉల్లిపాయల గుట్ట ముందు కూర్చోబెట్టి కత్తి చేతికిచ్చాడు. "కూసో అన్నా, గివి తరుగు. ఇవి చేదుండయ్."

రోడ్డు మధ్యలో విస్తళ్ళు వేశారు. నా ఒక పక్క డ్రైవర్ సాబ్, ఇంకో పక్క మూసారాంబాగ్ నుంచి వచ్చిన ఒక లావుపాటి మనిషి. సాంబారు పోశారు. నేను అన్నం కలపకుండా వేలితో వెతికాను. గుమ్మడి ముక్క ఉంది, బెండకాయ ఉంది, ములక్కాడ ఉంది. ఏ ఇంటి కూరగాయో అన్నీ ఉన్నాయి. నా ఆనపకాయ ఒక్క ముక్కా లేదు. రెండోసారి పోయించుకున్నాను. లేదు. ఇంతలో పక్కనున్న లావుపాటి మనిషి తన విస్తరిలోంచి మూడు తెల్లటి ముక్కలు ఏరి అంచుకి నెట్టి, "సోరకాయ నాకు పడదన్నా" అన్నాడు, ఏదో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు.

నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఎంగిలి అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. అన్నదమ్ములం కూడా ఒకరి కంచంలోది ఒకరం ముట్టుకోం. "మీకు వద్దా?" అని అడిగాను. ఆయన బిత్తరపోయి "వద్దు" అన్నాడు. నేను చెయ్యి చాపి మూడు ముక్కలూ నా విస్తరిలోకి లాక్కున్నాను. వడ్డిస్తున్న పెద్దమ్మ చూసింది. గరిటెడు సాంబారు అదనంగా పోసి ముందుకి వెళ్ళిపోయింది.

ముక్కలు ఎలా ఉన్నాయని అడగకండి. కొంచెం ముదిరాయి, కొంచెం పీచు కూడా ఉంది. ఒక్కో ముక్కా చాలాసేపు నమిలాను.

ఇప్పుడు ఎల్బీనగర్ దాటాక నాకు సొంత ఫ్లాటు ఉంది. రాష్ట్రం వచ్చింది, మెట్రో వచ్చింది, నాకు బట్టతల కూడా వచ్చింది. పెళ్ళిళ్ళకి వెళ్తే బంతిలో కూర్చోను. పక్కన ఎవరు కూర్చుంటారో, ఏం మాట్లాడాల్సి వస్తుందోనని బఫేలో ప్లేటు పట్టుకుని ఒక మూల నిలబడి తినేసి వచ్చేస్తాను. అలా నిలబడినప్పుడు ఒక్కోసారి ఆ పాతికేళ్ళ కుర్రాడు గుర్తొస్తాడు, తెగిన చెప్పుతో హైవే మీద బాసింపట్టు వేసుకుని, ముక్కూ మొహం తెలియని మనిషి విస్తరి వైపు చెయ్యి చాపుతూ. వాణ్ని చూస్తే నాకు సిగ్గేస్తుందనుకుంటాను గానీ, వెయ్యదు. వాడే నన్ను చూసి ఏమనుకుంటాడో అనిపిస్తుంది. నవ్వుకుని, ప్లేటు పెట్టేసి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్తాను. స్పూనుతో తిన్న చేతికి కడుక్కోవడానికి ఏమీ ఉండదు.