గుప్పెడు అక్షింతలు

వెంకటకృష్ణారావు సంతకం పెట్టిన విమానమెక్కి ఎవరైనా కళ్లు మూసుకుని కూర్చోవచ్చని, పైలెట్ తప్ప, విజయవాడ దగ్గర్లోని ఆ ఫ్లయింగ్ స్కూల్లో ఓ మాట ఉండేది. చల్లపల్లి రైతుబిడ్డ. చిన్నప్పుడు ట్రాక్టరు విప్పి మళ్లీ బిగించలేక తండ్రి చేత తన్నులు తిన్నవాడు, ముప్పై ఏళ్లుగా విమానాలు విప్పి బిగిస్తున్నాడు. మహా చాదస్తుడు. పానాలూ స్క్రూడ్రైవర్లూ అన్నీ పెట్టెలోకి చేరితే తప్ప భోజనానికి లేవడు. ఎక్కడ జారిపడుతుందోనని జేబులో పెన్ను కూడా లేకుండా విమానంలోకి దూరుతాడు.

అలాంటి మనిషికి ఆ ఉదయం నుంచీ చుక్కలు కనిపిస్తున్నాయి. రెండు సీట్ల చిన్న విమానం. పైలెట్ చేతిలోని చక్రం ఎడమకు హాయిగా తిరుగుతోంది, కుడికి తిప్పితే సగంలో పట్టేస్తోంది. మళ్లీ తిప్పితే ఏమీ లేదు.

ఆ సంగతి మొదట చెప్పింది సత్యశ్రీ. కొల్లేటి చేపల వ్యాపారుల పిల్ల, పైలెట్ చదువు చదువుతోంది. నిన్న సాయంత్రం దిగి, "చక్రం బిగుసుకుంటోందండీ బాబాయ్ గారూ" అంటే, ఓసారి తిప్పి చూసి, "చక్రం కాదమ్మా, నువ్వు బిగుసుకుంటున్నావ్" అని నవ్వేశాడు. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేస్తోంది.

మూడింటికి ఆమెకు లైసెన్సు పరీక్ష. ఎగరడానికి స్కూల్లో ఉన్నది ఈ ఒక్క విమానమే. ఇవాళ తప్పితే, ఆమె ఎప్పుడో పాసైన రాతపరీక్షల గడువు తీరిపోతుంది. మళ్లీ అన్నీ మొదటి నుంచి రాయాలి.

రెక్కల కీళ్లు చూశాడు. కేబుళ్ల బిగువు కొలిచాడు, సరిగ్గానే ఉంది. కేబుళ్లు ఊడదీసి, చక్రం తిప్పితే కదిలే రెక్కల చివరి పలకలు చేత్తో ఊపాడు, తేలిగ్గా ఊగాయి. అంటే రోగం రెక్కల్లో లేదు. సీట్లు తీసి, నేల రేకు విప్పి, టార్చి పట్టుకుని బోర్లా పడుకున్నాడు. చెమట కళ్లలోకి కారుతోంది. తన చేతులు మొండివైపోయాయా, వయసు మీద పడిందా అని భయం పట్టుకుంది. దుర్గమ్మకు మొక్కుకున్నాడు కూడా.

అప్పుడు కనిపించింది. కేబులు తిరిగే గిలకకూ దాని పక్కనున్న పిన్నుకూ మధ్య ఇరుక్కుని, పసుప్పచ్చటి బియ్యపు గింజ.

కృష్ణారావు చూడగానే గుర్తుపట్టాడు. మొన్న దసరా ఆయుధపూజ నాడే సత్యశ్రీ మొదటిసారి ఒంటరిగా ఎగిరింది. బెల్టు కట్టేసుకుంది, కాళ్లకు దండం పెట్టడానికి దిగలేదు. తలుపులోంచి తల వంచి, "దీవించండి బాబాయ్ గారూ" అంది. మనసు ఉప్పొంగి, పూజ పళ్లెంలోంచి గుప్పెడు అక్షింతలు తీసి ఆమె తల మీద చల్లాడు. జేబులో పెన్ను ఉంచుకోని మనిషి!

వెతికి వెతికి ఏడు గింజలు తీశాడు.

"దొరికిందిగా!" అన్నాడు పైలెట్ పాఠాలు చెప్పే దుర్గాప్రసాద్, గడియారం చూసుకుంటూ. "బిగించి సంతకం పెట్టేయండి కృష్ణారావు గారూ. ఇంకా టైముంది."

"గుప్పెడు చల్లానండీ."

"ఇప్పుడు ఫ్రీగా తిరుగుతోంది కదా!"

"నిన్న కూడా తిరిగిందండీ, నేను చూసినప్పుడు. మిగతావి ఎక్కడున్నాయో నాకు తెలీదు. మొత్తం విప్పాలి, రెండు రోజులు పడుతుంది."

సత్యశ్రీ యూనిఫాం ఇస్త్రీ నలగకుండా తలుపు దగ్గరే నిలబడి అంతా వింది. "మరి నా టెస్టు, బాబాయ్ గారూ?"

ఆయన చేతులు తుడుచుకుని రిజిస్టరు తెరిచాడు. అందులో ఇంగ్లీషులోనే రాయాలి. అక్షింతలకు మాట తోచక, నేల కింద బియ్యపు గింజలు దొరికాయని, ఈ విమానం ఎగరకూడదని రాశాడు. కారణం అని ఉన్నచోట తన పూర్తి పేరు రాసి, కింద సంతకం పెట్టాడు.