తేయీస్ అని పలికిందెవరు

దయ్యాలు, గాలి, ధూళి అనే మాటలు వింటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. కర్నూలులో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. పిల్ల జడుసుకుందని మెడలో తాయెత్తు కట్టి పంపితే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ తల్లులు బడికొచ్చి నాతో పోట్లాడిన రోజులు కూడా ఉన్నాయి. మా అత్తగారు దిష్టి తీసి ఎండుమిరపకాయలు పొయ్యిలో వేసేది. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలిందని ఆమె లెక్క. "అది మిరపకాయ పాతదైపోయి రాలేదత్తా" అని నేను ఎకసెక్కాలాడేదాన్ని.

అట్లాంటి దాన్ని ఇది రాస్తున్నాను. ఎవరో చెప్పింది కాదు. పట్టపగలు, నలుగురిలో, నా చెవులతో నేను విన్నది.

మా అబ్బాయి పేరు తేజ. ఆరో తరగతిలో వాణ్ణి కడప జిల్లాలో ఒక మిలిటరీ తరహా బోర్డింగు స్కూల్లో చేర్పించాం. అంతా మగపిల్లలే. పేరు చెప్పను. మా ఆయన ఇంట్లో తరతరాలుగా వ్యవసాయమే, ఒక్కడైనా ఆఫీసరు యూనిఫాం వేసుకోవాలని ఆయన కోరిక. వాడికీ ఇష్టమే. ఎంట్రన్సు కోచింగుకు నేను లేపకముందే లేచి పోయేవాడు. మొదటిసారి గుండు గీసిన తల మీద టోపీ పెట్టుకుని సెల్యూట్ కొట్టినప్పుడు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు.

ఆ స్కూలు చుట్టూ నాపరాళ్ళ గనులు. కొన్ని నడుస్తున్నవి, కొన్ని రాయి అయిపోయాక వదిలేసినవి. ఎండకు రాళ్ళు తెల్లగా మెరుస్తుంటాయి, కంటికి పచ్చన కనబడాలంటే స్కూలు గేటులోపలి వేపచెట్లే దిక్కు.

అక్కడ ప్రతిదానికీ ఫాలిన్ ఉంటుంది. విజిల్ ఊదగానే పిల్లలు మూడు వరుసల్లో నిలబడాలి. ప్రతి పిల్లవాడికీ ఒక నంబరు. ఒకటి నుంచి మొదలుపెట్టి ఎవరి నంబరు వాళ్ళు హిందీలో గట్టిగా అరవాలి. మావాడిది ఇరవై మూడు, తేయీస్. మధ్య వరుసలో నిలబడేవాడు. డ్రిల్లు నేర్పే ఉస్తాదు ఆర్మీలో రిటైరైన మనిషి, ఎదురుగా అరుగు మీద నిలబడి వింటాడు. నంబర్లు తెగకుండా చివరి దాకా వస్తే అందరూ ఉన్నట్టు. మధ్యలో తెగితే ఆ నంబరువాడు ఆబ్సెంటు. ఆబ్సెంటైతే వీపున బరువు కట్టుకుని గ్రౌండు చుట్టూ పరుగెత్తాలి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మావాడు నిద్రలో కూడా "తేయీస్" అనేవాడు. నవ్వుకునేవాళ్ళం.

పోయిన వేసవికి ముందు, తల్లిదండ్రులు పిల్లల్ని చూసే ఆదివారం. వాడికిష్టమని ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి క్యారియర్లో సర్దుకుని, కోడి కూయకముందే బయలుదేరాం. పిల్లలందరూ ఇస్త్రీ యూనిఫాంలలో పరుగెత్తుకుంటూ వచ్చి అమ్మానాన్నల్ని కరుచుకున్నారు. మావాడు రాలేదు.

ముందు ఏ బాత్రూములోనో ఉన్నాడనుకున్నాం. కాసేపయ్యాక మా ఆయన హౌస్ మాస్టరును అడిగాడు. ఆయన మాకంటే ఆశ్చర్యపోయాడు. ఇప్పుడే ఫాలిన్ అయిందట, నంబర్లన్నీ వచ్చాయట. నిన్న సాయంత్రం వచ్చాయి, రాత్రి వచ్చాయి, తెల్లవారి పీటీకీ వచ్చాయి. పిల్లలు వెతికారు. డార్మిటరీలో లేడు, మెస్సులో లేడు. గేటు దాటి ఒక్కడూ పోలేదని వాచ్‌మన్ ఒట్టేశాడు.

"గోడ దూకినట్టుండాడు సార్. ఆదివారం అమ్మానాయన్ను చూస్తానే బెంగ ఎక్కువై కొందరు పోతాంటారు. బస్టాండు కాడ దొరుకుతాడు లెండి" అన్నాడు పీటీ మాస్టరు.

మమ్మల్ని చూడకముందే మా మీద బెంగతో పారిపోయాడట. ఆ మాటలో అర్థముందా? కానీ అప్పుడు ఎవరేమి చెప్పినా పట్టుకునే స్థితి మాది. మా ఆయన పీటీ మాస్టరు బండెక్కి బస్టాండుకు పోయాడు. కండక్టర్లను, సోడా బండి వాళ్ళను, ఆటోవాళ్ళను, ఫోనులో వాడి ఫోటో చూపించి అడిగాడట. ఆయన ఫోను చేసిన ప్రతిసారీ నా ప్రాణం చెవిలోకి వచ్చేది. "యాడా లేడు" అనేవాడు. అంతే, పెట్టేసేవాడు.

నేను క్యారియరు పట్టుకునే తిరుగుతున్నాను. ఎక్కడా పెట్టబుద్ధి కాలేదు. చుట్టూ వేపచెట్ల కింద తల్లులు పిల్లలకు తినిపిస్తున్నారు. ఒకావిడ పాపం "రా అక్కా, కూర్చో, వస్తాడులే" అని చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని డార్మిటరీలోకి పోయాను. అసలు తల్లుల్ని లోపలికి రానివ్వరు. ఆ రోజు నన్ను ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వాడి మంచం మీద దుప్పటి ముడత లేకుండా ఉంది. అక్కడ అన్ని మంచాలూ అంతే, దాన్నిబట్టి ఏమీ తెలియదు. ట్రంకు తీశాను. ఆదివారం వేసుకోవాల్సిన యూనిఫాం ఇస్త్రీ మడత విప్పకుండా ఉంది. బెల్టు ఉంది. నల్ల బూట్లు పాలిష్ మెరుపుతో మంచం కింద ఉన్నాయి. పరుగు పందేనికి వేసుకునే తెల్ల బూట్లు మాత్రం లేవు. టూత్‌బ్రష్ ముట్టుకుంటే పొడిగా, పుల్లలా ఉంది.

ఈ బట్టలు లేకుండా పొద్దున ఫాలిన్‌లో వాడు ఎట్లా నిలబడ్డాడు? హౌస్ మాస్టరుతో అదే అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు, చెమటతో చొక్కా తడిసిపోయింది, కానీ ఒకటే పాట. "మేడం, లెక్క సరిపోయింది. నేను కూడా విన్నా."

"విన్నారు. ఎవరన్నా చూసినారా?" అని అరిచాను. "మళ్ళీ నిలబెట్టండి. నా ముందర నిలబెట్టండి" అన్నాను. పోలీసులకు ఫోను చేస్తానన్నాక ఒప్పుకున్నారు.

నడినెత్తిన ఎండ. ఉస్తాదు విజిల్ ఊదాడు. తల్లిదండ్రుల ఒళ్ళోంచి లేచి, నోట్లో ముద్దతోనే కొందరు పరుగెత్తుకొచ్చి వరుస కట్టారు. నేను అరుగు పక్కన నిలబడ్డాను. ఏక్, దో, తీన్. ఒక్కొక్క గొంతూ ఒక్కొక్క తీరు. నేను నంబర్లు వినడం లేదు, తెగేచోటు కోసం ఎదురుచూస్తున్నాను. మావాడి పక్కన నిలబడే మస్తాన్ అనే పిల్లవాడు నాకు తెలుసు, ఒకసారి సెలవుల్లో మా ఇంటికి వచ్చాడు. వాడు "బాయీస్" అన్నాడు.

"తేయీస్."

"చౌబీస్."

తెగలేదు. చివరిదాకా పోయింది. హౌస్ మాస్టరు నా వైపు తిరిగాడు, చూశారా అన్నట్టు. నేను అప్పటికే వరుసల వైపు ఉరికాను.

అది నా కొడుకు గొంతు. ఇంకొకరి గొంతైతే నేను తెలుసుకోలేనా? నవమాసాలు మోసినదాన్ని. కానీ ఎట్లా ఉందంటే, జ్వరం వచ్చినప్పుడు అర్ధరాత్రి నీళ్ళడిగే గొంతులా, ఎండిపోయి, గీరుకుపోతూ ఉంది. వరుసలోంచి వచ్చింది. మస్తాన్‌కీ, చౌబీస్ అన్న పిల్లవాడికీ మధ్య నుంచి వచ్చింది. అక్కడికి పోయి చూస్తే మనిషి పట్టేంత సందు ఉంది. మనిషి లేడు.

మస్తాన్ అటెన్షన్‌లో నిలబడే ఏడుస్తున్నాడు. చేతులు కదపకుండా, కన్నీళ్ళు తుడుచుకోకుండా. "ఆంటీ, నిన్న సాయంత్రం నుంచి ఇంతే ఆంటీ. పలుకుతాండాడు, కనపల్లేదు. వెనక వరుసలో యాడన్నా నిలబడి పలుకుతాండాడేమో అనుకుంటి. రాత్రి మంచం మీద కూడా లేకపోయేసరికి శానా బయమైంది. చెప్తే అబద్ధమని కొడతారని చెప్పలేదు."

ఉస్తాదు నెమ్మదిగా వరుసల మధ్యకు వచ్చాడు. ఆ సందు చూశాడు. టోపీ తీసేశాడు. నాకైతే ఆ మనిషి భయపడటం చూశాకే నిజంగా భయమేసింది.

మస్తాన్ భుజాలు పట్టుకుని అడిగాను. "వినింది వద్దు నాయనా. కంటితో చూసింది చెప్పు. చివరిసారి వాణ్ణి కంటితో యాడ చూసినావు?"

శనివారం సాయంత్రం పరుగులో, గనుల దారిలో. బూటు లేసు ఊడితే కట్టుకుంటూ కూర్చున్నాడట. నువ్వు పో, నేను వెనకాలే వస్తా అన్నాడట.

అప్పటిదాకా ఊరంతా వెతికాం. బస్టాండు, రైల్వే స్టేషను, చివరికి సినిమా హాళ్ళు కూడా. ఆ గనుల వైపు ఒక్కరం పోలేదు. ఎందుకు పోతాం? పరుగు నుంచి అందరూ తిరిగొచ్చారని నంబర్లు చెప్పాయి కదా.

స్కూలు జీపులో పోయాం. మా ఆయన బస్టాండు నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. గుట్ట అవతల, దారి మలుపులో, పాడుబడిన గని. అంచున వదిలేసిన పలకలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అందులో ఒకటి కొత్తగా జారినట్టు తెలుస్తోంది. కిందికి చూసే ధైర్యం నాకు లేదు. మా ఆయన చూశాడు. చూసి "అప్పా" అన్నాడు. కొడుకును ఆయన అట్లానే పిలుస్తాడు. "అప్పా, అప్పా" అంటూ తాడు కోసం కూడా ఆగకుండా రాళ్ళు పట్టుకుని దిగిపోయాడు.

మధ్యలో ఒక రాతి మెట్టు మీద తేజ పడి ఉన్నాడు. కాలు తొడ కింద విరిగింది. ముఖం ఎండకు కమిలి, పెదాలు పగిలి నెత్తురు కట్టాయి. ఊపిరి ఉందో లేదో తెలియలేదు కాసేపు. దేవుళ్ళందర్నీ పిలిచాను. మంత్రాలయానికి నడిచి వస్తానని మొక్కాను. తాయెత్తుల్ని ఎగతాళి చేసిన నోటితోనే మొక్కాను. సిగ్గేమీ అనిపించలేదు.

ఆసుపత్రిలో రెండో రోజు కళ్ళు తెరిచాడు. నీళ్ళు అడగలేదు. నొప్పి అనలేదు. నా వైపు చూసి మొదట అడిగిన మాట, "మా, నన్ను ఆబ్సెంటు వేసినారా?"

లేదు నాయనా, లేదు అన్నాను. కళ్ళు మూసుకున్నాడు. హమ్మయ్య అన్నట్టు ముఖం తేటపడింది.

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పాడు. పడ్డ కొత్తలో కాపాడండని అరిచాడట. ఎవరూ రాలేదు. అంతలో దూరంగా విజిల్ వినిపించిందట. అంతే, ఇక కాపాడండని అరవడం మానేశాడు. ఆ పక్క నంబర్లు ఎంతదాకా వచ్చి ఉంటాయో మనసులో లెక్కపెట్టుకుని, తన వంతు రాగానే తేయీస్ అని అరిచాడు. రాత్రి ఫాలిన్‌కూ అంతే. కాలు విరిగి గనిలో పడి ఉన్న పిల్లవాడు, ఆబ్సెంటు పడుతుందని భయపడి నంబరు పలికాడు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఎవర్నో పట్టుకుని కొట్టాలనిపిస్తుంది. ఎవర్ని కొట్టాలో తెలియదు.

ఆదివారం పొద్దున పలికావా అని అడిగాను. గుర్తు లేదన్నాడు. డాక్టరు మాట ఇంకొకటి. విరిగిన కాలి లోపల నెత్తురు కారి, ఒంట్లో నీరు పోయి నాలుక వాచిపోయిందని, తెల్లవారేసరికే స్పృహ లేకుండా ఉండాలని, మధ్యాహ్నం గొంతు పెగలడం జరిగే పని కాదని చెప్పాడు.

వాడి కాలికి కట్టు విప్పాక మేమిద్దరం మళ్ళీ అక్కడికి పోయాం. నా పుర్రెకు ఇంకో దారి తెలియదు, పరీక్ష చేసి చూడాలి. మా ఆయన స్కూలు గ్రౌండులో నిలబడి ఉస్తాదు చేత విజిల్ ఊదించాడు. నేను గని అంచున నిలబడి విన్నాను. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మధ్యలో గుట్ట అడ్డం. విజిల్ ఇటు రాదు, పిల్లవాడి గొంతు అటు పోదు. ధ్వని పాఠం ఏళ్ళ తరబడి చెప్పినదాన్ని, నాకు తెలుసు.

ఎవరో పిల్లవాడు వాడిని కాపాడాలని బదులు పలికి ఉంటాడని మా ఆడబిడ్డ అంటుంది. నేనూ అదే అనుకోవాలని చూశాను. పిల్లలందర్నీ బతిమాలి, ఏమీ అననని ఒట్టేసి అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా నేను విన్న గొంతు మారదు. ఆ గొంతు మావాణ్ణి కాపాడిందో, ఒక రాత్రంతా ఎవరూ వెతక్కుండా చేసి చంపబోయిందో కూడా నాకు తెలియడం లేదు. ఎంత ఆలోచించినా రెండూ నిజమే అనిపిస్తాయి.

ఇప్పుడు తేజ కర్నూలులోనే చదువుతున్నాడు. కొంచెం కుంటుతాడు. మొన్న వాళ్ళ క్లాస్ టీచరు పిలిపించింది. హాజరు పిలిస్తే నోరు తెరిచి పలకడట, ఎంత చెప్పినా వినడట. పేరు రాగానే ఆ కాలితోనే లేచి, ఆమె తలెత్తి తనవైపు చూసేదాకా నిలబడే ఉంటాడట.

ఇంటికొచ్చాక అడిగాను, ఎందుకప్పా అట్ల, పలికితే ఏమైతాది అని.

అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"పలికితే ఉండాడనుకుంటారు మా. ఇంక చూడరు."