ఆనిస్తే చాలు

ఆ మంగళవారం పొద్దున రాంబాబు మూడు ఫిల్టర్లు కడిగాడు. కలుపు తీసే మిషన్ల ఇంజన్లలోకి దుమ్ము పోకుండా గాలిని వడగట్టే స్పాంజి ముక్కలవి, ఒక్కొక్కటి అరచేయంత. సబ్బు నీళ్ళలో ముంచి, పిండకుండా రెండు చేతుల మధ్య పెట్టి మెత్తగా నొక్కి, దండెం మీద యశోద రవికెల పక్కన వరసగా ఆరేసి క్లిప్పులు పెట్టాడు.

"నీ రవికెల కంటె నా ఫిల్టర్లే జల్దీ ఆర్తయి, చూస్తుండు," అన్నాడు.

"ఆర్తయి ఆర్తయి. నీకు వేరే పనేముంది," అంది యశోద.

టీ తాగి, షెడ్డు వెనక మంచం మీద నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు. పాల్వంచ దవాఖానాకు చేరేసరికే అయిపోయిందన్నారు. మర్నాడు చుట్టాలెవరో దండెం మీది బట్టలు తీస్తూ ఆ స్పాంజి ముక్కలను కూడా రవికెల మడతల్లో పెట్టి లోపల సర్దేశారు.

యశోద ఎగతాళికి అన్న మాటే గానీ అందులో అబద్ధం లేదు. ఏడాదిగా ఫిల్టర్లు కడగడం తప్ప ఆయనకు మరో పని లేకుండా చేసింది ఆమే.

చర్ల అవతల అడవిలోని కోయ ఊరు రాంబాబు వాళ్ళది. పంతొమ్మిదేళ్ళప్పుడు రాంబాబు పాల్వంచ వచ్చి, కంపెనీ కాలనీ గెస్ట్ హౌస్‌లో మాలీగా కుదిరాడు. అక్కడి పచ్చికకు ఒక గడ్డి కోసే మిషన్ ఉండేది. ఒకరోజు ఇంజనీరు గారు, "రాంబాబూ, రేపు మిషన్‌కి నూనె మార్చాలి," అన్నారు. మర్నాడు రాంబాబు ఇంటి నుంచి సీసా నిండా ఇప్పనూనె పట్టుకుపోయాడు. వాళ్ళ ఊళ్ళో దీపానికైనా కూరకైనా ఒళ్ళు నొప్పులకైనా నూనె అంటే అదే. మూత తీయగానే వాసన గుప్పుమంది. ఇంజనీరు గారు మెట్ల మీది నుంచి పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నారు. తిట్టలేదు, నవ్వీ నవ్వీ కూలబడి, ఆ పూటంతా పక్కన కూర్చోబెట్టుకుని ఇంజన్ అంటే ఏమిటో చెప్పారు.

పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి యశోదకు చెప్పి పెద్ద పొరపాటు చేశాడు రాంబాబు. అప్పటినుంచి ఆయన ఎప్పుడు గొప్పలు పోయినా, "చాల్లే, ఇప్పనూనె మెకానిక్కు!" అనేది.

"పోసిన్నా ఏంది? మూత తీసిన, గంతే."

"సారు పట్టుకోకపోతే పోసెటోనివే గద."

కాలనీ పని మానేసి భద్రాచలం రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్నాక ఆ పేరు షెడ్డుకు కూడా అంటుకుంది. ఇప్పనూనె రాంబాబు షెడ్డంటే ములకలపల్లి నుంచి చర్ల దాకా రైతులకు తెలుసు. గడ్డి కోసేవి, పత్తి సాళ్ళలో కలుపు తీసే వీడర్లు, మిర్చికి మందు కొట్టే స్ప్రేయర్లు, చిన్న ఇంజన్ ఉన్నదేదైనా అక్కడికే వచ్చేది.

ఎవరు కొత్త వీడర్ కొని తెచ్చినా, ఐదు గంటలు నడిపి మొదటి ఆయిల్ తీసేయనిదే దాన్ని పనికి పంపనిచ్చేవాడు కాదు.

"నిన్న పోసిన ఆయిల్ ఇయ్యాల పారబోస్తవేంది? మతుందా?" అని రైతులు గొడవపడేవారు.

రాంబాబు ఆ ఆయిల్‌ను స్టీలు పళ్ళెంలోకి వంచి ఎండలో పెట్టేవాడు. నల్లటి ఆయిల్‌లో సన్నని ఇనుప రజను మిలమిల మెరిసేది. "చూసినవా? కొత్త ఇనుము ఒకదాన్నొకటి గీక్కున్నది. పండుగ చేసి వేల్పుకు పెట్టకుండ మేం కొత్త మామిడికాయ కొరుకుతమా? మొదటిది మనది కాదు. మిషన్‌కు గూడ గంతే."

"అయితే వేల్పుకు ఆయిల్ గూడ పోస్తవా?" అనేది యశోద, గరాటు పట్టుకుని.

ఆమె పని గరాటు పట్టుకోవడంతోనే మొదలైంది. మూడు నిమిషాలు నడిపి ఇంజన్ వేడెక్కాక ఆపితే పాత ఆయిల్ పలచబడి పూర్తిగా దిగుతుందని, మిషన్ చదునైన నేల మీద ఉంటేనే కొలత నిజమని, ఒక్కొక్కటే నేర్చుకుంది. తీసిన నల్ల ఆయిల్ కోసం అడవి ఊళ్ళవాళ్ళు సీసాలు పట్టుకుని బస్సు దిగేవారు. ఇంటి గుంజలకు పూస్తే చెద పట్టదు. రాంబాబు వాళ్ళతో కోయలో కబుర్లాడుతూ, చుక్క కింద పడకుండా సీసాలు నింపేవాడు. వర్షాల ముందు రోజుల్లో ఆ షెడ్డులో ఆయిల్ వాసన, వాళ్ళ మాటలు, తాడు లాగితే ఇంజన్ అందుకునే చప్పుడు కలిసి ఉండేవి. యశోదకు ఇప్పుడు ఆ రోజులే గుర్తొస్తాయి.

మూడేళ్ళ కిందట రకం మారిన ఇంజన్లు రావడం మొదలైంది. ఆయిల్ ఎంత ఉందో చూసే పుల్ల మూతకే అతికి ఉంటుంది, దాని మీద రెండు గీతలు, పై గీత దాకా ఉండాలి. పాత ఇంజన్లకు పుల్లను లోపలికి దోస్తే సరిపోయేది. కొత్తవాటికి మూత దగ్గర మర ఉంది, తిప్పి బిగించాలి. సరిగ్గా ఆ ఏడే రాంబాబు కుడి కంటికి ఖమ్మంలో శుక్లాల ఆపరేషన్ అయింది.

ఆయన పుల్ల తుడిచి, మర తిప్పకుండా ఊరికే రంధ్రం మీద ఆనించి, తీసి చూసేవాడు.

"తక్కువుంది, ఇంకింత పొయ్యి."

యశోద మూత బిగించి, మళ్ళీ విప్పి చూసేది. "ఏడ తక్కువ? పై గీత దాటింది. మర తిప్పి చూడరాదు?"

"ఆనిస్తే చాలు."

"చాలంట! మర ఏడుందో కనబడతలేదని చెప్పు. పుల్ల ఆనించుడు కాదయ్యా, నీకు చూపు ఆనతలేదు."

రాంబాబు నవ్వి ఊరుకునేవాడు. ఆయన అన్నానికి లేచి వెళ్ళాక యశోద కింది బోల్టు వదులు చేసి, ఎక్కువైందనుకున్న ఆయిల్‌ను టీ గ్లాసులోకి వంచేసేది. ఎక్కువైతే ఇంజన్ పొగ కక్కుతుందని ఆయనే నేర్పాడు. చూపు తగ్గిన మనిషిని నలుగురిలో చిన్నబుచ్చడం ఇష్టం లేక, గ్లాసు సంగతి చెప్పేది కాదు.

పోయిన ఏడు వానల్లో బుల్లెమ్మ అనే రైతు వీడర్ పత్తి చేలో సాలు మధ్యనే ఇంజన్ పట్టేసి ఆగిపోయింది. ఆటోలో వేసుకొచ్చి షెడ్డు ముందు దించింది బుల్లెమ్మ. తాడు లాగితే కదల్లేదు. విప్పి చూస్తే ఆయిల్ అడుగున కొంచెమే ఉంది.

"పది రోజులు కాలే నీ దగ్గరికెల్లి తీస్కపోయి! ఏం పోసినవన్నా? నిజంగనే ఇప్పనూనె పోసినవా?" అని అరిచింది.

"సరిపోను పోసిన," అన్నాడు రాంబాబు.

అక్కడ నలుగురైదుగురు రైతులున్నారు. పై గీతకు సరిచేసి పంపింది తనే అని యశోదకు గుర్తుంది. పంపేముందు బోల్టులు బిగించేది ఈయనే, చూపానక సరిగా బిగించి ఉండడు, ఆయిల్ కారిపోయింది అనుకుంది.

"ఆయనకు కన్ను ఆనతలేదక్కా. ఇగ నుంచి ఆయిల్ పని నేనే చేస్త, ఆయన్ని ముట్టనియ్య," అంది, అందరూ వినేలా.

రాంబాబు చేతిలోని పుల్లను గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. మర్నాడు పొద్దున లేచి, సబ్బు ఎక్కడుందని అడిగాడు.

రాంబాబుకు కళ్ళు పోయినాయట అనే మాట చర్ల బస్సెక్కి అన్ని ఊళ్ళకూ పోయింది. ఆ ఏడాదంతా యశోదే ఆయిల్ మార్చింది. మిషన్లు జల్దీ వేడెక్కుతున్నాయని కొందరన్నారు. ఎండలు మండుతున్నాయి గదా అంది. ఆయన పోయాక అందరూ ఓదార్చారు గానీ, ఆమెకు నిజంగా ఊరటనిచ్చింది ఒక్కటే. ఆయన్ని పని మాన్పించడం మనసుకు కష్టమైనా, అది తప్పనిసరై చేసింది. ఇంకొకరి ఇంజన్ పాడుకాకుండా, ఇంకో మాట పడకుండా ఆయన్ని కాచింది.

ఆయన పోయిన నాలుగు నెలలకు దుర్గ వచ్చింది. చర్ల వైపు మహిళా సంఘంలో మిషన్లు కిరాయికిచ్చే పని చూస్తుంది. ఖమ్మంలో రెండు రోజుల ట్రైనింగ్ అయి, తిరుగు దారిలో వెంట తీసుకెళ్ళిన సంఘం వీడర్‌కు ఆయిల్ మార్పిద్దామని ఆగింది. యశోద పాతది దించి, కొత్తది పోసి, మూత బిగించి విప్పి, పుల్ల చూపించింది. "చూడు, పై గీత."

"గట్ల తిప్పొద్దంటక్కా. తిప్పితే పుల్ల ఎక్కువ లోతు పోతది, లేని ఆయిల్ ఉన్నట్టు కనబడతది. ఊరికె ఆనించి చూడాల్నంట."

"ఎవరన్నరు?"

దుర్గ సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. బొమ్మ పక్కన తెలుగులోనే ఉంది. యశోద రెండుసార్లు చదివింది. తర్వాత పుల్ల తుడిచి, రంధ్రం మీద ఆనించి తీసింది. కింది గీతకు కూడా అందలేదు. మళ్ళీ తుడిచి, బిగించి తీసింది. పై గీత.

పుల్ల తుడుస్తూ బల్ల మీది టీ గ్లాసు వైపు చూసింది. బుల్లెమ్మ వీడర్‌లోంచి తను వంచింది గ్లాసు నిండా.

"ఇది ఇప్పుడు కొత్తగ పెట్టిన్రా దుర్గా, ఈ పద్ధతి?"

"కొత్తగేంది అక్కా, ఈ ఇంజన్లు వచ్చిన కాడికెల్లి గిట్లనేనంట."