గేటు కాడ కమ్లక్క

భూపాలపల్లిలో మా ఆఫీసు గేటు దగ్గర ఎవరైనా ఇనుప కుర్చీని బండల మీద బర్రున జరిపితే, నేను ఫైల్లోంచి తలెత్తకుండానే కమ్లక్క లేచిందనుకుంటాను. ఆమె ఇక్కడ ఎన్నడూ పనిచేయలేదు. మహబూబాబాద్‌లో నేను ఔట్‌సోర్సింగ్ మీద కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరిన ఆఫీసులో ఆమెది గేటు కాపలా. మరిపెడ దగ్గరి తండా మనిషి. యాభైకి దగ్గరపడ్డ వయసు. ఖాకీ చొక్కాను చీర మీదే తొడుక్కునేది.

ఆమె పద్ధతి ఒక్కటే. కొత్త మనిషి ఎవరొచ్చినా లేచి పేరడిగేది, ఎవరి కోసమో అడిగేది, ఆ తర్వాత వెంట నడిచి వాళ్ల టేబుల్ దాకా వచ్చేది. "సారూ, ఈయన నీకెరికేనా?" అని మా నోటితో అవుననిపించుకుంటే గానీ వెనక్కి మళ్లేది కాదు. సామాను ఏది బయటికి పోవాలన్నా సంతకం పెట్టిన చీటీ కావాలి. విరిగిన కుర్చీకైనా సరే, చీటీ! మాకు ఇది తెగ చిరాకు. 'అన్నా' అని పిలుచుకుంటూ వచ్చినవాణ్ణి 'నువ్వెవరు' అని అడగడమంటే మా వైపు చెంప మీద కొట్టినంత పని. నా టేబుల్ తలుపు పక్కనే కాబట్టి, ఆ తతంగమంతా రోజూ నా నెత్తి మీదే జరిగేది.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయారు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతిలో ఫోల్డరుతో ఒకాయన వచ్చి, మూడు కంప్యూటర్లు సర్వీసుకు తీసుకుపోవాలన్నాడు. కమ్లక్క ఆయన వెంటే వచ్చి అడ్డంగా నిలబడింది.

"చీటీ ఏది సారూ?"

"ఫోన్ల చెప్పిన్రమ్మా. చీటీ ఎన్కనుంచి వస్తది."

"వచ్చినంకనే తీస్కపో."

ఆయన నా వైపు తిరిగి, "చూడన్నా, ఎట్ల మాట్లాడుతున్నదో" అన్నాడు. ఆ ఒక్క 'అన్నా'కే నేను కరిగిపోయాను. "అక్కా, నువ్వు జర ఊకో. చదువుకున్నోళ్లతోని గిట్లనేనా మాట్లాడేది? పోనియ్, నేను చూసుకుంట" అన్నాను. ఆమె నన్ను ఒకసారి చూసి పక్కకు జరిగింది. ఆయన రెండు డబ్బాలు ఒక్కొక్కటిగా మోశాడు. మూడోది నేనే ఆటో దాకా మోసి, జారిపడకుండా సీటు మీద సర్దిపెట్టాను. అబ్బో, ఎంత తెలివిగలవాణ్ణో!

సర్వీసూ లేదు, ఫోన్ చేసినవాళ్లూ లేరని సాయంత్రానికి తెలిసింది. గేటు మీది కెమెరా చెడిపోయి చాలా రోజులైంది. పెద్దసారు మొదట అడిగిన మాట, "గేటు కాడ ఎవరున్నరు?" అని. నేను అప్పుడే నోరు విప్పాల్సింది. ఆ నెలలోనే నా కాంట్రాక్టు పొడిగించాలి, భయమేసింది. కమ్లక్కను అందరి మధ్య నిలబెట్టి, వాడు నీకేమైతడని అడిగారు.

"నేను ఆపిన సారూ. పోనియ్ అంటే పోనిచ్చిన."

"ఎవరన్నరు పోనియ్ అని?"

ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. "అన్నోళ్లే చెప్తరు" అంది. చెప్పాల్సినవాడు గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. కమ్లక్కను రేపటినుంచి డ్యూటీకి రావద్దన్నారు. తండావాళ్లను పెట్టుకుంటే ఇంతేనని ఎవరో గొణిగారు. దానికీ నేనేమీ అనలేదు. సిగ్గులేని మనిషిని.

రెండు రోజులు గేటు కాడ ఆమె కుర్చీ ఖాళీగానే ఉంది. మూడోనాడు పెద్దసారు గదిలోకి పోయి జరిగిందంతా చెప్పి, కాగితం మీద రాసిచ్చాను. ఆయన నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. నేను చెప్పిన ఆటో గుర్తులతోనే జనగామలో ఒక పాత సామాన్ల దుకాణంలో రెండు డబ్బాలు దొరికాయి. మూడోది అప్పటికే చేతులు మారిపోయింది. నా ఉద్యోగం నిలిచింది, కమ్లక్కను మళ్లీ రమ్మన్నారు. ఇప్పటికీ నా ఆఫీసులో ఏ వస్తువు కనపడకపోయినా, అది పోయిన నాడు నేనేం చేశానో ముందు రాసి సంతకం పెట్టాకే ఇంకొకరిని పిలుస్తాను. నా కింది వాళ్లు దీన్ని చాదస్తమంటారు, అననీ.

కమ్లక్కను మళ్లీ రమ్మన్న కబురు చెప్పడానికి, రాసిచ్చిన రోజు సాయంత్రమే తండాకు నేనే పోయాను. కమ్లక్క వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. తప్పయిందక్కా అన్నాను.

"నాకు చెప్పుడెందుకు? నాకెరికే గద. లోపల నా బిడ్డ ఉన్నది, దానికి చెప్పు. దొంగకు సాయం జేసిన్నని మూడు దినాల సంది నాతోని మాట్లాడుతలేదు."

ఇంటర్ చదివే ఆ పిల్ల గడప దాకా వచ్చింది. పోనియ్ అన్నదీ నేనే, మోసిందీ నేనేనని చెప్పాను. చివరిదాకా విన్నది.

"మరి మొన్ననే ఎందుకు చెప్పలే సార్?"

"భయమైంది బిడ్డా. నౌకరి పోతదని."

ఆ పిల్ల వాకిట్లో వంగి ఉన్న తల్లిని చూసింది, నన్ను చూసింది.

"మా అమ్మకు కాలేదా సార్, భయం?"