రామబ్రహ్మం గారి సర్వర్ గది

రామబ్రహ్మం గారికి మనుషులంటే చులకన. కొందరంటే కాదు, అందరన్నా. పుప్పాలగూడలో ఆయన కంప్యూటర్లు చూసుకునే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు గిరీష్ దగ్గర్నుంచి టీ మెషిన్ బాగుచేసే మనిషి దాకా ఆయన నోట పడనివాళ్లు లేరు. ఆ తిట్టడం కూడా తెనాలి మర్యాదతో, "అండి" చేర్చి తిట్టేవారు. అందుకని పడింది తిట్టేనని తెలుసుకోవడానికి అవతలివాళ్లకు కాసేపు పట్టేది.

ఆరేళ్లు ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచి, మళ్లీ ఉద్యోగంలో చేరిన జ్యోతికి మొదటి వారమే ఆ రుచి తెలిసింది. అప్పటిదాకా ఆ ఆఫీసులో ప్రోగ్రాములన్నీ "ఫైనల్", "ఫైనల్ రెండు", "గిరీష్ అసలు ఫైనల్" అనే ఫోల్డర్లలో పడి ఉండేవి. అది చూసి ఏవగించుకున్న రామబ్రహ్మం గారు మూలన పడేసిన కంప్యూటరొకటి తెచ్చి, లైనక్స్ ఎక్కించి, ఎవరు ఏ వరుస ఎప్పుడు మార్చారో గుర్తుంచుకునే గిట్ సర్వర్‌గా దాన్ని నిలబెడుతున్నారు. అందులోకి వెళ్లాలంటే ఒక్కొక్కరూ తాళంకప్పా చెవీ లాంటి జంట కీ ఫైళ్లు తయారుచేసుకుని, ఒకటి ఆయనకివ్వాలి. జ్యోతి తనది పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లింది.

"ఇది మీ తాళంచెవండి," అన్నారాయన. "నేనడిగింది తాళంకప్ప. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెవి చేతిలో పెడతారా?"

"రెండు ఒక్క తీరే ఉన్నయి సార్. జర గడబడైంది."

"పేరు చివర పబ్ అని ఉన్నది ఇవ్వాలండి. హైటెక్ సిటీ పక్కనుండి పబ్ తెలీదంటే ఎవరు నమ్ముతారు?"

చేసిన మార్పేమిటో వివరంగా రాయనిదే ఆయన దేన్నీ ఒప్పుకునేవారు కాదు. జ్యోతి పక్క సీటు సంతోష్ "ఫిక్స్" అని రాస్తే, "ఏం ఫిక్స్ చేశారండి, పెళ్లి ముహూర్తమా?" అని తిప్పి పంపారు. గిరీష్ "మైనర్ చేంజ్" అని రాస్తే, "మేజరయ్యాక తీసుకురండి" అన్నారు. ఆఫీసంతా ఆయన్ని చాటున తిట్టుకునేది. జ్యోతి అందరికంటే ఎక్కువ తిట్టుకునేది.

ఇంకో పదిరోజుల్లో ఆమె ఉద్యోగం పర్మనెంటు కావాలి. అలాంటప్పుడు ఒకరోజు పొద్దున పదకొండింటికి సర్వర్ ఆమె మార్పుల్ని తీసుకోనంది. ఆయన్నడిగితే ఏమంటారోనని, ఇంటర్నెట్‌లో వెతికి, "ఫోర్స్" అన్న మాట కమాండ్‌కు చేర్చి, బలవంతంగా ఎక్కించింది. సర్వర్ తీసుకుంది. తీసుకుని, మిగతా ఎనిమిదిమంది మూడు వారాల పనినీ పక్కకు నెట్టేసింది. రెండింటికి క్లయింటు వస్తున్నాడు.

గిరీష్ సర్వర్ గదిలోకి పరుగెత్తాడు. వెనకాలే అందరూ.

"ఎవరు చేసిన్రు ఇది? పేరు కావాలె. ఇయ్యాలే ఇంటికి పంపుత."

"లాగ్‌లో ఉందండి," అన్నారు రామబ్రహ్మం గారు తల తిప్పకుండా.

జ్యోతి అందరి వెనక్కీ జరిగింది. పిల్లల స్కూలు, ఆరేళ్ల ఖాళీ గురించి మళ్లీ ఏ ఇంటర్వ్యూలో ఏం చెప్పాలన్న బెంగ, అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి.

"అయితే చూపియ్యిండ్రి," అన్నాడు గిరీష్.

"చూపిస్తానండి. అందులో ప్రతి మార్పుకీ నలభై అక్షరాల గుర్తుంటుంది. అదెలా పుడుతుందో చెప్పండి ముందు. తెలీదా? పోనీ, వెనకున్నవాళ్లెవరైనా చెబుతారా? ఇంతమందికీ నేనిప్పుడు అఆలు దిద్దించాలా?"

గిరీష్ వెనక్కి చూశాడు. సంతోష్ పైకప్పు పరీక్షిస్తున్నాడు. మిగతావాళ్లకు ఉన్నట్టుండి ఫోన్లు గుర్తొచ్చాయి.

"అసలు తప్పు నాదండి. ఆ ఫోర్స్‌ని సర్వర్లోనే ఆపి ఉండాల్సింది. ఆపలేదు. నేనూ మీ అంతవాణ్ణే అయిపోయాను. ఎవరి పేరైనా రాసుకోవాలంటే నాది రాసుకోండి. పాతవి లోపలే ఉన్నాయి, పావుగంటలో తెస్తాను. బయటికి నడవండి, గాలాడటం లేదు."

పన్నెండు నిమిషాల్లో తెచ్చారు.

క్లయింటు వెళ్లాక జ్యోతి ఒక్కతే ఆ గదికి వెళ్లింది. "సార్, లాగ్ల ఉన్నది నా పేరే."

"నేను చూడలేదండి. మీ పేర్లు చదివే తీరిక నాకెక్కడిది?" అన్నారాయన. కీబోర్డు వైపు తిరిగి, "ఈసారి ఏదైనా ఆగిపోతే నన్నడగండి. తిడతాను. కానీ చెబుతాను," అన్నారు.

కింద టీ బండి దగ్గర ఆమె కళ్లు తుడుచుకుంటుంటే సంతోష్ పక్కకొచ్చాడు. "అక్కా, నిన్ను కూడ బచాయించిండా? పోయిన నెల నేను డేటాబేస్ మొత్తం తుడిచేసిన. అప్పుడు గూడ గిట్లనే అందరికి పరీక్ష పెట్టిండు. ఒక్కడు నోరు తెరువలే."

జ్యోతికి ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది.

వెనక ఎవరో దగ్గారు. చూస్తే గిరీష్, చేతిలో టీ గ్లాసుతో.

"జర మెల్లగ మాట్లాడుండ్రి," అన్నాడు. "కోపంల అడిగిన గానీ, నిజంగ చూపిస్తడేమోనని పరేషానైన. అండ్ల గిసొంటి తప్పులకు నా పేరు రెండుసార్లుంది."