ఉస్తాద్ సాహెబ్ తోలుకెళ్ళిన గొర్రె

మా దగ్గర హత్య చేసినవాడు క్షమాపణ అడగాలంటే గొర్రెను తోలుకుని శత్రువు గుమ్మం ముందుకు వెళ్తాడు. దాన్ని ననవాతె అంటాం. అలా వచ్చినవాణ్ణి కాదని వెనక్కి పంపిన పఠాను మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇంతవరకూ పుట్టలేదు. కానీ ఒక బడిపంతులు, తన దగ్గర అక్షరాలు దిద్దినవాడి గుమ్మానికి గొర్రెతో వెళ్ళడం మాత్రం నేను ఒక్కసారే చూశాను. ఆ గొర్రె తాడు పట్టుకున్నదీ, దాన్ని కోసి వండిందీ నేనే. ఈ ఊరి మంగలిని. పెళ్ళికైనా చావుకైనా వంట నాదే, కబురు మోసేదీ నేనే. నాకు తెలియకుండా ఇక్కడ పొయ్యి వెలగదు.

ఆ పంతులు పేరు బహ్రమంద్. ఊరంతా ఉస్తాద్ సాహెబ్ అంటాం. మనిషి పొట్టి, గొంతు మాత్రం చెరకు తోటలు దాటి వినిపిస్తుంది. నా కొట్టు సరిగ్గా ఆయన బడికి ఎదురుగా ఉండబట్టి, గడ్డాలు గీస్తూనే నేను ఒకటో తరగతి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

నా చిన్నప్పుడు అదే బడిలో పాఠాలన్నీ ఉర్దూలో ఉండేవి. మా ఇళ్ళలో కుక్కలు కూడా పష్తోలోనే మొరుగుతాయి, ఇక ఉర్దూ ఎవడికి తెలుసు? గొంతు చించుకుని పాఠం అప్పజెప్పేవాళ్ళం, అందులో ఉన్నది ఆవో ఆవాలో మాకు అంతుబట్టేది కాదు. తప్పితే బెత్తం. ఆ బెత్తం కన్నా కత్తెర నయమనిపించి మా నాన్న పక్కకు చేరిపోయాను.

బహ్రమంద్ కుర్ర పంతులుగా వచ్చాక అంతా తిరగబడింది. కొన్ని బడుల్లో పష్తోలోనే చదువు చెప్పొచ్చని అప్పట్లో ప్రభుత్వం అంటే, ఈయన ఎగిరి గంతేసి గడప గడపకూ తిరిగాడు. "మీ పిల్లలకు బుర్ర లేక కాదు, వాళ్ళతో మనం పరాయివాళ్ళలా మాట్లాడుతున్నాం" అనేవాడు. నిజం చెప్పొద్దూ, అద్భుతం జరిగింది. పిల్లలు బడికి పరుగెత్తుకుంటూ వెళ్ళడం అప్పుడే చూశాను. ఆయన పొడుపుకథతో మొదలుపెడితే కూడికలో తేలేవాడు, నీళ్ళ వంతుల తగువుతో మొదలుపెడితే భాగహారంలో తేలేవాడు. నా కొట్లో సగం గడ్డంతో కూర్చున్నవాడు కూడా జవాబు అరిచేవాడు.

ఆ గుంపులో అందరికన్నా చురుకైనవాడు తోర్సం. తండ్రి లేడు. తల్లి బెల్లం బట్టీల దగ్గర పనిచేసి పెంచింది. ఆమెకు మొదట్నుంచీ అనుమానమే. తలుపు చాటు నుంచి అడిగింది: "ఉస్తాద్, ఈ పష్తో చదువు పెద్ద బడిలో పనికొస్తుందా?" ఆ రోజు నేనూ పక్కనే ఉన్నాను. ఆమె పెట్టిన మొక్కజొన్న రొట్టె తింటూ ఈయన, "వాడి పూచీ నాది, చెల్లెమ్మా" అన్నాడు.

ఐదో తరగతి దాటాక పిల్లలు పట్నంలో పెద్ద బడికి వెళ్ళాలి. అక్కడ సైన్సు ఇంగ్లీషులో, మిగతాదంతా ఉర్దూలో. తోర్సం లేచి నిలబడి జవాబు పష్తోలో చెబితే, అక్కడి పంతులు "ఈ భాష గొడ్ల దగ్గర మాట్లాడుకో" అన్నాడట. తరగతంతా నవ్విందట. లెక్క తెలిసిన నోరు మూగదైపోయింది. చలికాలం ముగిసేలోపే వాడు పుస్తకాల సంచీ అటక మీద పడేసి బెల్లం పెనం దగ్గర గరిటె పట్టాడు. మిగతావాళ్ళు ఏదో ఈదుకుంటూ పోయారు, కొందరు మునిగారు. తోర్సం మునగడమే ఊరికి బాగా గుర్తుండిపోయింది.

అసలు ముల్లు అది కాదు. ఉస్తాద్ సాహెబ్ కొడుకు సోహ్రాబ్‌ది కూడా సరిగ్గా తోర్సం ఈడే. వాడు మాత్రం ఆ బడి గడప తొక్కలేదు. పెషావర్‌లో మేనమామ ఇంట్లో ఉండి ఇంగ్లీషు బడిలో చదివాడు. అడిగితే ఉస్తాద్ సాహెబ్, "వాళ్ళ మేనమామ పట్టుబట్టాడు" అని చూపు తిప్పేసేవాడు. మగవాళ్ళం మొహమాటానికి ఊరుకున్నాం. ఆడవాళ్ళు ఊరుకుంటారా? నీళ్ళ దగ్గర, తందూరు దగ్గర అదే మాట. సోహ్రాబ్ ఇప్పుడు పెద్ద ఇంజనీరు. వాడి పిల్లలు సెలవులకు వచ్చి తాతతో ఉర్దూలో మాట్లాడతారు. ఊరి పిల్లలందరికీ పష్తో దిద్దించిన మనిషి, సొంత మనవలకు ఉర్దూలో జవాబు చెబుతూ నా కొట్టు ముందు నుంచి గబగబా నడిచిపోయేవాడు. తేలు కుట్టిన దొంగలా ఉండేది ఆ నడక.

ఈలోగా ఎప్పుడో ఆ పష్తో చదువు కాస్తా ఎత్తేశారు. బడి మళ్ళీ పాత పాటే అందుకుంది. మొన్న మొన్నటిదాకా.

మొన్న మళ్ళీ కబురొచ్చింది. పష్తోను ఆఫీసుల్లో, బడుల్లో నిలబెట్టాలని పెషావర్‌లో పెద్దలు గొంతులు చించుకుంటున్నారట. ముందుగా ఊరు ఒప్పుకున్నచోట చిన్న తరగతులు పష్తోలో పెడతారట. మా ఊరి మాట శుక్రవారం నమాజు తర్వాత హాజీ జర్వలీ హుజ్రాలో తేలాలి. ఊరి మగవాళ్ళందరం కూర్చునే చావడి అది. ఉస్తాద్ సాహెబ్ ఉద్యోగానికి అదే ఆఖరి ఏడు. ఆయన కళ్ళల్లో పాత వెలుగు వచ్చింది.

తోర్సం కళ్ళల్లో నిప్పులు వచ్చాయి. వాడికిప్పుడు సొంత బట్టీ ఉంది. పల్వషా అని బడి ఈడు కూతురుంది. దాన్ని పట్నంలో టై కట్టే ఇంగ్లీషు బడిలో చేర్చడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాడు. ఆ వారమంతా బెల్లం కోసం ఎవడొచ్చినా వాడికి ఉపన్యాసం ఉచితం. నాకూ తగిలింది.

"కాకా, అమ్మభాష మంచిదే, ఎవడు కాదన్నాడు? అమ్మ కూడా మంచిదే. అలాగని అమ్మ వెళ్ళి ఉద్యోగం ఇప్పిస్తుందా?"

"ఒరేయ్, ఈ పాకం లెక్కలన్నీ నోటితో చేస్తావే, అవి ఎవరు నేర్పారు?"

"ఉస్తాద్ సాహెబే. అందుకేగా ఈ మంట! చెత్త చదువు చెప్పుంటే అప్పుడే మరిచిపోయేవాణ్ణి. శుక్రవారం రా కాకా, హుజ్రాలో అందరి ముందూ అడుగుతాను. మా అందరికీ పష్తో పెట్టి సోహ్రాబ్‌కి ఇంగ్లీషు ఎందుకు పెట్టావయ్యా అని అడుగుతాను. జవాబు చెప్పాక పెట్టుకోండి మీ పష్తో."

ఆ మాట ఊరంతా పాకింది. దానికి జవాబు లేదని అందరికీ తెలుసు. ఆ ఒక్క ప్రశ్న పడితే పష్తో చదువు హుజ్రా గుమ్మం కూడా దాటదని నాకూ తెలుసు. నన్ను అడిగితే, నేను అటూ కాదు ఇటూ కాదు. రెండు పక్షాల గడ్డాలూ గీసేవాణ్ణి.

బుధవారం పొద్దున ఉస్తాద్ సాహెబ్ గడ్డం సరిచేయించుకోవడానికి వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"గుల్జమన్, మంచి గొర్రె ఒకటి చూసిపెట్టు."

"ఏంటి సాహెబ్, మళ్ళీ మనవడు పుట్టాడా?"

"తోర్సం గుమ్మానికి వెళ్తాను."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. "ననవాతెకా? మీరేమన్నా వాడి తండ్రిని చంపారా?"

"వాడి చదువు చంపాను. నా కొడుకుని గట్టు మీద కూర్చోబెట్టి, లోతెంతో చూడమని ఊరి పిల్లల్ని నీళ్ళలోకి తోశాను. ఇన్నేళ్ళూ వాడు ఎదురొస్తే సలాం చెప్పి తప్పుకున్నాను. ఇక నావల్ల కాదు."

"సరే, శుక్రవారం కానివ్వండి. తర్వాత వెళ్దురుగాని."

"గెలిచాక వెళ్తే దర్జా చూపించినట్టు ఉంటుంది. ఓడాక వెళ్తే ఏడుపు. అడిగితే ముందే అడగాలి."

వినడానికి సబబుగానే ఉంది. ఆచారం నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఇద్దరం అడిగేవాడి వైపు నుంచే చూశాం. గుమ్మానికి లోపల నిలబడ్డవాడి గతేంటో మాకు తట్టలేదు.

ఆ సాయంత్రమే వెళ్ళాం. నేను గొర్రెను లాక్కెళ్తుంటే సందంతా మా వెనక కదిలింది. తోర్సం బయటికొచ్చాడు, మోచేతుల దాకా బెల్లం జిగురు. గొర్రెను చూశాడు. దాని పక్కన తలపాగా తీసి చేత్తో పట్టుకుని, బట్టతలతో వంగి నిలబడ్డ పంతుల్ని చూశాడు. వాడి ముఖంలో రక్తం చుక్క లేకుండా పోయింది.

"నేను నీకు అన్యాయం చేశాను, బచ్చే. నా కొడుక్కి ఒకటి, నీకొకటి చేశాను. నీ గుమ్మానికి వచ్చాను" అన్నాడు ఉస్తాద్ సాహెబ్. అంటూ అంటూనే ఏడ్చేశాడు.

లోపలి నుంచి తోర్సం వాళ్ళమ్మ గొంతు వినిపించింది: "ఏంట్రా అలా నిలబడ్డావు? పెద్దాయన తల కప్పు! గుమ్మానికి వచ్చినవాణ్ణి నిలబెడతావా?"

వాడు తలపాగా అందుకుని, ఆ జిగురు చేతులతోనే ఆయన తలకు చుట్టాడు. కౌగిలించుకున్నాడు. నన్ను చూసి, "కోసెయ్, కాకా" అన్నాడు. అంతే, మాఫీ అయిపోయింది. ఉస్తాద్ సాహెబ్ తేలికపడి చిన్నపిల్లాడిలా నవ్వాడు. నేను కత్తి నూరుకుంటుంటే తోర్సం ఆయన దగ్గరగా వంగి, మెల్లగా అడిగాడు.

"రెండు రోజులు ఆగలేకపోయారా, ఉస్తాద్ సాహెబ్?"

ఆయనకు అర్థం కాలేదు. నాకు మాత్రం కత్తి చేతిలో ఉండగానే అర్థమైంది. తిరిగి వస్తుంటే ఆయనకూ అర్థమయ్యేలా చేశారు ఊరివాళ్ళు. సందులో కూర్చున్న ముసలాళ్ళు చప్పట్లు చరిచినంత పని చేశారు. "భలే ఎత్తు వేశావు ఉస్తాద్! ఒక్క గొర్రెతో తోర్సం నోటికి తాళం వేశావు!" ఆయన అక్కడే గోడ పట్టుకుని నిలబడిపోయాడు. "నేను అందుకు వెళ్ళలేదు, గుల్జమన్. నీకు తెలుసు కదా?" అని నన్ను పట్టుకుని కుదిపాడు. నాకు తెలుసు. కానీ మాఫీ ఇచ్చినవాడు అదే నేరం మళ్ళీ ఎత్తితే వాడు మనిషే కాడు మా దగ్గర. ఎందుకు వెళ్ళినా తాళం తాళమే.

శుక్రవారం హుజ్రాలో కాలు పెట్టే చోటు లేదు. కహ్వా కప్పులు తిరిగాయి. హాజీ జర్వలీ అందరినీ అడిగాడు. ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. చివరికి అందరి కళ్ళూ తోర్సం మీదకు మళ్ళాయి.

"ఉస్తాద్ సాహెబ్ నా గుమ్మానికి వచ్చారు. నేను చెప్పేది ఏమీ లేదు" అని తోర్సం నేల చూశాడు. ఇలాంటి మాట అనాల్సివచ్చిన మగవాడి ముఖం నేను మళ్ళీ చూడదలుచుకోలేదు.

హాజీ రెండు చేతులూ పైకెత్తాడు. దువా అయితే ఊరి మాట ఖాయమైనట్టే. అందరి చేతులూ లేచాయి. ఉస్తాద్ సాహెబ్ చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి. ఆయన నోరు తెరిచాడు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను, స్పష్టంగా చూశాను. వాడు అడగాల్సిన ప్రశ్న నేనే అడుగుతాను అనే మాట ఆయన నాలుక చివర దాకా వచ్చింది. తోర్సం కూడా తలెత్తి చూశాడు. ఒక్క మాట చాలు, మాట్లాడండి సాహెబ్ అని లోలోపల నేనూ అరిచాను. కానీ ఆయన జీవితమంతా కోరుకున్నది ఎదురుగా వచ్చి కూర్చుంది. నోరు మూసుకుని, చేతులు ఎత్తాడు. ఆమీన్ అన్నాం.

తర్వాత నా కొట్లో కూర్చుని తన చేతులు తనే చూసుకుంటూ అన్నాడు: "మొదటిసారి వాడి నోరు తెలియక మూశాను, గుల్జమన్. ఈసారి తెలిసి మూశాను."

కొత్త తరగతులు మొదలైన రోజున తోర్సం పల్వషా వేలు పట్టుకుని బడికి వచ్చాడు. టై లేదు, పట్నం బండీ లేదు. ఉస్తాద్ సాహెబ్ గేటు దగ్గరే అడ్డుపడ్డాడు.

"వద్దు బచ్చే. తీసుకుపో. ఆ పట్నం బడికే పంపు. నేనేమీ అనుకోను, నీకు దణ్ణం పెడతాను."

"మీరు అనుకోరు. ఊరు అనుకుంటుంది. గొర్రెను తిని, మనసులో కత్తి దాచుకున్నాడు అంటుంది. మాఫీ చేశానని ఎలా చూపించమంటారు?"

పిల్ల వేలు ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఉస్తాద్ సాహెబ్ ఎలా చెప్పాడో ఏం చెప్పను! అంత గొప్పగా ఆయన ఎన్నడూ చెప్పలేదు. పల్వషా మొదట గోడకు అంటుకుపోయింది. పొడుపుకథ సగంలో ఉండగా ముందుకు జరిగింది. మధ్యాహ్నానికి అందరికన్నా ముందు జవాబు అరుస్తోంది. అచ్చం తండ్రి పోలికే. ఉస్తాద్ సాహెబ్ తనను తాను మరిచిపోయి పకపకా నవ్వడం నా కొట్లోకి వినిపించింది.

బడి వదిలాక తోర్సం వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. పల్వషా పరుగున వచ్చి వాడి కాళ్ళు చుట్టేసింది. పొద్దున్నుంచి నేర్చిందంతా ఒక్క ఊపిరిలో ఒప్పజెప్పింది, రేపు పెందలాడే తీసుకురమ్మంది. ఉస్తాద్ సాహెబ్ వెనకే వచ్చాడు. ముఖంలో ఇంకా ఆ నవ్వు ఉంది. "చూశావా తోర్సం, ఎంత సంతోషంగా ఉందో!" అన్నాడు.

తోర్సం కోపంగా చూడలేదు. పిల్ల తల నిమురుతూ, మర్యాదగానే అన్నాడు.

"నేనూ ఇలాగే గెంతుకుంటూ ఇంటికెళ్ళేవాణ్ణి, ఉస్తాద్ సాహెబ్."

పిల్లను భుజాన ఎత్తుకుని బట్టీ వైపు నడిచాడు. అది వాడి తల మీద తాళం వేస్తూ పొడుపుకథ అడుగుతోంది, వాడు జవాబు తెలిసి కూడా తెలియదంటున్నాడు. ఉస్తాద్ సాహెబ్ గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నా కొట్లోకి రమ్మని పిలిచాను. రాలేదు.